రోడ్డు వెడల్పులో స్థలం పోతోందా? గోడ మీద మార్కింగ్ పడగానే చేయాల్సిన పనులు

గోడ మీద గీత పడగానే అందరం అడిగేది ఒకటే, "ఎన్ని అడుగులు పోతుంది?" అని. అడగాల్సిందే, కానీ అక్కడితో ఆగితే నష్టపోతారు, ఎందుకంటే చాలాసార్లు పోయే ముక్క కంటే మిగిలే ముక్కకు జరిగే నష్టమే పెద్దది.

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు ఉన్న స్థలం అనుకోండి, అంటే 200 గజాలు. ముందు 8 అడుగులు తీసుకుంటే పోయేది 240 చదరపు అడుగులు, మొత్తంలో ఏడో వంతు కూడా కాదు. కానీ బండి పెట్టుకునే చోటు, మెట్లు, నీళ్ల సంప్, ఒక్కోసారి సెప్టిక్ ట్యాంక్ కూడా ఆ 8 అడుగుల్లోనే ఉంటాయి. ఇంటి ముందు నిబంధన ప్రకారం వదిలిన ఖాళీ స్థలం (సెట్‌బ్యాక్) కూడా పోతుంది కాబట్టి రేపు పై అంతస్తు వేయాలన్నా, పడగొట్టి మళ్లీ కట్టుకోవాలన్నా అనుమతి దగ్గర చిక్కు రావచ్చు. నేల ధర ఒక్కటే లెక్కగడితే ఇవేవీ పరిహారంలోకి రావు. అందుకే సొంతంగా ఒక వాల్యుయర్‌ని (ఆస్తి విలువ కట్టే నిపుణుణ్ని) పెట్టుకుని, పనులకు ముందు మొత్తం ఆస్తి విలువ ఎంత, తర్వాత మిగిలేదాని విలువ ఎంత అని రెండూ వేయించండి. పరిహారం అడిగేటప్పుడు ఆ తేడానే ఆధారంగా చూపించండి.

కొలతలు కూడా అధికారులు చెప్పినవే నమ్మేయకండి. పాత రోడ్డు మధ్య నుంచి కొలిచారా, కొత్త రోడ్డుకు గీసిన మధ్య గీత (సెంటర్ లైన్) నుంచా, రెండు వైపులా సమానంగా తీస్తున్నారా అని అడగండి. దస్తావేజులో ఉన్న హద్దులతో మీ సర్వేయర్ చేత సరిచూపించండి. మీ ప్రహరీ ఇప్పటికే రోడ్డు స్థలంలోకి జరిగి ఉంటే అది కూడా అప్పుడే తెలిసిపోతుంది.

పూర్తి ప్లాన్ చూపించమని అడిగి, అందులో రోడ్డు ఎత్తు చూడండి. దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత బాధపడతారు. రోడ్డు రెండు అడుగులు లేస్తే వాన నీళ్లన్నీ ఇంట్లోకే. షాపు ఉన్నవాళ్లయితే డివైడర్‌లో దారి ఎక్కడ వదులుతున్నారో కూడా చూసుకోవాలి, ఎందుకంటే అవతలి వైపు నుంచి వచ్చే గిరాకీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

అభ్యంతరం ఏదైనా నోటీసులో ఇచ్చిన గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా ఎంత చెప్పినా తర్వాత పనికిరాదు. ఇంటికి లోపలా బయటా, పాత పగుళ్లతో సహా, తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. భవనంలో కొంత భాగమే కొట్టేస్తుంటే యంత్రం రాకముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి. పిల్లరో బీమో తెగితే మిగిలిన ఇల్లు నిలబడుతుందా లేదా అనేది ప్రాణాలతో ముడిపడిన విషయం, దయచేసి వాయిదా వేయకండి.

డబ్బు తీసుకునేటప్పుడు "పూర్తి పరిహారం అందింది, ఇక అడగను" అనే వాక్యం ఉందేమో చూసి, ఉంటే లాయర్‌కి చూపించాకే సంతకం పెట్టండి. పనుల కోసం మీ స్థలాన్ని కొన్నాళ్లు వాడుకుంటామంటే అది వేరే ఒప్పందం, ఎన్నాళ్లో, ఎలా తిరిగి అప్పగిస్తారో రాయించుకోండి. ఇంటి మీద లోన్ ఉంటే బ్యాంకుకి ముందే చెప్పాలి, అద్దెకున్నవాళ్లుంటే వాళ్లకీ. అన్నీ అయ్యాక మిగిలిన విస్తీర్ణాన్ని రికార్డుల్లో మార్పించి, ఆస్తి పన్ను కూడా దాని ప్రకారమే తగ్గించమని దరఖాస్తు పెట్టండి, లేదంటే పోయిన స్థలానికి కూడా పన్ను కడుతూనే ఉంటారు.