అతి తక్కువ ఖర్చుతో తీసిన హారర్ కామెడీలను ఎలా చూడాలి

చేతిలో డబ్బు లేని దర్శకుడు స్నేహితులను పోగుచేసుకొని తీసిన హారర్ కామెడీని, భారీ చిత్రాలకు అలవాటుపడిన కంటితో చూస్తే పదో నిమిషంలో లేచిపోవాలనిపించడం సహజమే. ముసుగు అంచు మెడ దగ్గర లేచి కనిపిస్తుంది, రక్తం రంగునీళ్లలా కారుతుంది, నటుల్లో చాలామందికి కెమెరా ముందు నిలబడడం అదే మొదటిసారి. అయినా ఇటువంటి చిత్రాలను వెదకి వెదకి చూసేవారు ఉన్నారు. వారిలో నేనూ ఉన్నాను. డబ్బు లేకపోవడం వల్ల వీటిలో ప్రతి షాటుకూ ఒక చిక్కు ఎదురవుతుంది, ఆ చిక్కును ఎవరో ఒకరు ఆలోచించి విప్పిన తీరు తెర మీద దాపరికం లేకుండా కనిపిస్తుంది. భారీ చిత్రంలో ఆ పనితనం జాడ తెలియకుండా చెరిపేస్తారు. ఇక్కడ చెరపడానికి కూడా డబ్బుండదు కనుక మనిషి వేలిముద్ర అలాగే మిగిలిపోతుంది. దాన్ని చూడగలగడం అలవాటు మీద వస్తుంది. ఆ అలవాటు ఎలా చేసుకోవాలో నాకు పనికొచ్చిన క్రమంలో చెబుతాను.

మొట్టమొదట చూడవలసినది 2017లో షినిచిరో ఉయెదా తీసిన జపాన్ చిత్రం ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’. సుమారు 30 లక్షల యెన్ల ఖర్చుతో, 8 రోజుల చిత్రీకరణతో, పేరు తెలియని నటులతో తయారైన ఈ చిత్రం ఎక్కడా కట్ లేని 37 నిమిషాల షాటుతో మొదలవుతుంది. ఆ 37 నిమిషాలూ ఓపిక పట్టడమే ప్రేక్షకుడిగా మీరు చేయవలసిన పని. మాటల మధ్య అర్థంలేని ఖాళీలు వస్తాయి, పాత్రలు కారణం లేకుండా బయటికి పరుగెత్తుతాయి, కెమెరా నేల మీద పడి కాసేపు అలాగే ఉండిపోతుంది. ఇదంతా చేతకానితనమని తీర్మానించి ఆపేయకుండా, కనబడిన ప్రతి లోపాన్నీ మనసులో గుర్తు పెట్టుకుంటూ చివరిదాకా చూడండి. ఎందుకన్నది చెబితే ఆ చిత్రానికీ మీకూ అన్యాయం చేసినట్టవుతుంది కనుక ఇక్కడితో ఆపుతాను. దాని గురించి ముందుగా ఏమీ చదవకండి, ట్రైలర్ కూడా చూడకండి. 2018లో టోక్యోలోని రెండు చిన్న థియేటర్లలో విడుదలైన ఈ చిత్రం నోటిమాట మీదే పాకి, 300 కోట్ల యెన్లకు పైగా వసూలు చేసింది.

ఆ తరువాత ఏ చిత్రం చూసినా ఒక తూనిక దగ్గర ఉంచుకోవాలి. డబ్బు ఉంటే తప్ప బాగుపడని లోపాన్ని క్షమించండి. డబ్బు అక్కరలేని పనిలో లోపం ఉంటే మాత్రం క్షమించకండి. రబ్బరు భూతం, ఒకటే గది, చీకటిలో మసకబారిన దృశ్యం, పగటిపూట తీసిన రాత్రి, ఇవన్నీ మొదటి రకం. కథలో పట్టు, మాటల పొందిక, పాత్ర ఎందుకు భయపడుతున్నదో మనకు తెలియడం, ఇవి రెండో రకం. వీటికి కాగితమూ కలమూ చాలు. 1960లో రోజర్ కార్మన్ ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ ముఖ్య చిత్రీకరణను అప్పటికే కట్టి ఉన్న సెట్టులో 2 రోజుల్లో పూర్తి చేశాడు. అందులో మనుషులను తినే మొక్క బొమ్మ అని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. అయినా ఆ మొక్క ఆకలి అని అడిగినప్పుడల్లా ఆ పూల దుకాణంలో పనిచేసే అమాయకుడి గతి ఏమవుతుందోనని మనకు బెంగ కలుగుతుంది. ఆ పట్టు రచనలోనిది. కథ రాసిన చార్లెస్ గ్రిఫితే మొక్కకు గొంతు కూడా ఇచ్చాడు. ఈ తూనిక ఉంటే, కావాలనే నాసిరకంగా తీసి నవ్వించబోయే చిత్రాలను తేలిగ్గా పట్టుకోవచ్చు. వాటిలో డబ్బు అక్కరలేని కథ, మాటలు కూడా బాగుండవు. అటువంటివాటి మీద నాకు గౌరవం లేదు, మీరూ కాలం వృథా చేసుకోవద్దని నా మాట.

భయమూ నవ్వూ ఒకే చిత్రంలో ఎందుకు ఇముడుతాయో గమనించడం తరువాతి మెట్టు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు కూడా ఇదే. రెండింటికీ కావలసినది ఒకటే: రాబోయేదాని కోసం ప్రేక్షకుణ్ణి వేచి ఉండేలా చేసి, సరైన క్షణంలో విడిచిపెట్టడం. ఆ క్షణం అర సెకను ముందుకో వెనక్కో జరిగితే కేక రావలసిన చోట నవ్వు, నవ్వు రావలసిన చోట విసుగు వస్తాయి. కాలాన్ని కొలిచే ఈ నేర్పుకు రూపాయి ఖర్చు లేదు కాబట్టే డబ్బు లేనివారు ఈ రెండింటినీ కలిపి పట్టుకుంటారు. పాత్ర చీకటి తలుపు వైపు చూసినప్పుడు మీరు లోలోపల అంకెలు లెక్కపెట్టండి. ఎన్నో అంకె దగ్గర విడుదల వచ్చింది, వచ్చినది భూతమా లేక ఉత్త పిల్లి మాత్రమేనా, పిల్లి అయితే ఆ తరువాత భూతం రావడానికి ఎంత సమయం ఇచ్చారు అన్నది చూడండి. పది చిత్రాలు ఇలా చూసిన తరువాత దర్శకుడి లెక్క మీకు ముందే అందుతుంది. అప్పుడు ఆ లెక్కను తప్పించి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసినవారి మీద ప్రేమ పుడుతుంది. శాం రైమీ ‘ది ఈవిల్ డెడ్’ (1981) కామెడీ అని గట్టిగా చెప్పలేం గానీ, ఆ తరువాతి వారెందరికో అది పాఠం. అందులో అడవిలోని దుష్టశక్తిని చూపించకుండా, కెమెరాను చెక్కపలకకు బిగించి ఇద్దరు చెరో కొస పట్టుకొని పరుగెత్తి, ఆ శక్తి చూపునే మనకు ఇచ్చారు.

శబ్దాన్ని విడిగా వినడం నేర్చుకోవాలి. ఒక భయానక దృశ్యాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా తగ్గించి, మరొకసారి కళ్లు మూసుకొని చూడండి. మొదటిసారి మేకప్ మాత్రమే మిగులుతుంది. రెండోసారి భయం మొత్తం తిరిగి వస్తుంది. ఎముక విరిగిన చప్పుడు సెలరీ అనే ఆకుకూర కాడలు విరిచినది కావచ్చు, అయినా ఒళ్లు జలదరిస్తుంది. అందుకే వీటిని ఫోను స్పీకరులో చూడకూడదు. మామూలు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా చాలు.

నచ్చిన చిత్రాన్ని రెండోసారి కేవలం అతుకుల కోసం చూడాలి. దీనికి పీటర్ జాక్సన్ తొలి చిత్రం ‘బ్యాడ్ టేస్ట్’ (1987) తగినది. స్నేహితులతో కలిసి ఎక్కువగా వారాంతాల్లో 4 ఏళ్లపాటు తీసిన ఈ న్యూజిలాండ్ చిత్రంలో, గ్రహాంతరవాసుల ముసుగులను జాక్సన్ తన తల్లి వంటింటి ఓవెన్‌లో కాల్చి తయారు చేశాడు. కెమెరా శబ్దాన్ని నమోదు చేయలేనిది కనుక మాటలూ చప్పుళ్లూ అన్నీ తరువాత చేర్చినవే. కొండ అంచున ఇద్దరు తలపడే సన్నివేశం దగ్గర ఆగి నెమ్మదిగా చూడండి: గడ్డం ఉన్నవాడూ జాక్సనే, గడ్డం లేనివాడూ జాక్సనే. ఇద్దరి ముఖాలూ ఒకే షాటులో పడే వీలు లేనప్పుడు, ఎవరి చూపు ఎటు తిరిగింది, చేయి ఏ వైపు నుంచి వచ్చింది, కట్ ఎక్కడ పడింది అన్నదాని మీదే ఆ పోరాటం నిలబడింది. ఆ కట్లను లెక్కపెట్టుకుంటూ చూసినవారికి ఎడిటింగ్ అంటే ఏమిటో ఏ పాఠశాలా చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

ఒంటరిగా చూడడం కన్నా ముగ్గురు నలుగురితో చూడడం మేలు, ఎందుకంటే ఒకరి నవ్వు మరొకరి భయాన్ని సడలించి, తరువాతి దెబ్బకు సిద్ధం చేస్తుంది. అయితే ప్రతి లోపాన్నీ పైకి చదివి వెక్కిరించే అలవాటున్నవారిని మొదటిసారి పిలవకండి. వారి మాటల కింద దర్శకుడి లెక్క వినబడకుండా పోతుంది.

చిత్రం ముగిసినా చివరి పేర్లు పూర్తయ్యేదాకా లేవకండి. రాసినవారి పేరే కెమెరా దగ్గర, ఎడిటింగ్ దగ్గర, మేకప్ దగ్గర, చివరికి మూడో జాంబీగా కూడా కనిపించవచ్చు. కృతజ్ఞతల్లో ఇల్లు ఇచ్చిన తల్లిదండ్రులు, రాత్రంతా దీపం పట్టుకొన్న తమ్ముడు ఉంటారు. ఆ పేర్లు చదివి, మీకు అన్నిటికన్నా నచ్చిన దృశ్యాన్ని అక్కడికక్కడే మళ్లీ ఒకసారి వేసుకోండి.