ఇంట్లో వైఫై స్లోగా వస్తోందా? లోపం వైరులో ఉందో, గాలిలో ఉందో ముందు తేల్చుకోండి

ఫైబర్ కనెక్షన్ పెట్టించిన కొత్తలో బాగా వచ్చిన స్పీడ్ పడిపోగానే చాలామంది ఆపరేటర్‌కు ఫోన్ చేస్తారు, లేదా పెద్ద ప్లాన్‌కు మారిపోతారు. ఆ రెండు పనులకూ ముందు పావుగంట పరీక్ష ఒకటి ఉంది. నెట్ మీ ఫోన్‌కు రెండు అంచెల్లో చేరుతుంది. ఆపరేటర్ నుంచి రౌటర్ దాకా వైరులో వస్తుంది, రౌటర్ నుంచి ఫోన్ దాకా గాలిలో వస్తుంది. ఏ అంచెలో దెబ్బతింటోందో తెలియకుండా డబ్బు పెడితే వృథా. లోపం గోడల దగ్గర ఉన్నప్పుడు 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300 చేసినా పడకగదిలో వీడియో ఆగి ఆగే వస్తుంది.

మొదటి పని: వైరు పెట్టి కొలవడం

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, లాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలపండి. టీవీని, మిగతా ఫోన్ల వైఫైని కాసేపు ఆపించండి. స్పీడ్ టెస్ట్ వరసగా మూడుసార్లు చేసి అంకెలు రాసుకోండి. ఇదే పరీక్ష పొద్దున ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి చేయాలి. ల్యాప్‌టాప్ లేకపోతే రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి (పేరు చివర 5జీ అని ఉంటే అదే) కలిపిన ఫోన్‌తో చేయండి. పూర్తిగా కచ్చితం కాదు గానీ, లోపం ఎటు ఉందో తెలుస్తుంది.

అంకెలు చదివేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ బిట్ల లెక్క, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు తెరమీద కనిపించే ఎంబీ బైట్ల లెక్క. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 11, 12 ఎంబీ వస్తుంటే అది నిండు స్పీడే.

200 లేదా 300 ప్లాన్ ఉండి, ఎన్నిసార్లు కొలిచినా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే తప్పు ఆపరేటర్‌ది కాకపోవచ్చు. లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయి ఉంటుంది, లేదా కేబుల్‌లో నాలుగు తీగలే పనిచేస్తూ ఉంటాయి. గిగాబిట్ స్పీడ్‌కు లోపలి ఎనిమిది తీగలూ కలవాలి. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ మార్చి చూడండి.

వైరు మీద కూడా స్పీడ్ తక్కువగా ఉంటే

ముందు ఆపరేటర్ యాప్‌లో డేటా వాడకం చూడండి. నెల కోటా అయిపోతే స్పీడ్ దానంతటదే తగ్గించేస్తారు. తర్వాత రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసున్న లైటు చూడండి. అది ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుమిణుకుమంటున్నా ఫైబర్‌లో వెలుతురు సరిగా అందడం లేదని అర్థం. రౌటర్ వెనక సన్న ఫైబర్ వైరు ఎక్కడైనా మడతపడిందా, బల్ల కిందో తలుపు సందులోనో నలిగిందా చూడండి. వైరు చుట్ట 2-6 సైజు గాజుకంటే చిన్నది కాకూడదు. అంతకంటే బిగుతుగా వంగితే వెలుతురు పక్కకు జారిపోతుంది. వైరు ఊడదీసి కొసలోకి మాత్రం చూడకండి. అందులోని లేజర్ కంటికి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

రౌటర్ సెట్టింగ్స్‌లో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం చెప్పే అంకె దొరుకుతుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా రౌటర్లలో సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే సరైన చిరునామా, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. రిసీవ్ పవర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం (సిగ్నల్ బలం కొలిచే లెక్క) మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దాటి కిందికి దిగితే కనెక్షన్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. దాన్ని సరిచేయడం లైన్‌మన్ పని.

పొద్దున 96 వచ్చి రాత్రి 9కి 20 వస్తుంటే ఆపరేటర్ దగ్గరే రద్దీ ఎక్కువైందన్నమాట. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్‌ను స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు, సెకనుకు 2.5 గిగాబిట్లు అందరికీ కలిపే. "నెట్ స్లోగా ఉంది" అంటే రౌటర్ ఆపి వేయమంటారు. "లాన్ కేబుల్ మీద పొద్దున 96, రాత్రి 20, ఆప్టికల్ పవర్ మైనస్ 21" అని చెబితే మాట అక్కడితో ఆగదు.

వైరు మీద బాగుండి, వైఫైలోనే తగ్గితే

ఎక్కువ ఇళ్లలో జరిగేది ఇదే. ఫోన్ 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో ఏ బ్యాండ్ మీద ఉందో ముందు చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే ఫ్రీక్వెన్సీ, లింక్ స్పీడ్ కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కానీ చాలా ఫోన్లలో లింక్ స్పీడ్ 72 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది, చేతికొచ్చేది 40, 50. 5 గిగాహెర్ట్జ్‌లో వందలు వస్తాయి, రెండు గోడలు అడ్డొస్తే మాత్రం నీరసిస్తుంది. వైఫై పేరు చివర 5జీ అని ఉంటే అది ఈ బ్యాండే, మొబైల్ 5జీతో దానికి సంబంధం లేదు. టీవీ, ల్యాప్‌టాప్, ఫోన్లు 5 మీద పెట్టండి. స్మార్ట్ ప్లగ్గులు, కెమెరాల్లో చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, వాటిని అక్కడే ఉంచండి.

తర్వాత రౌటర్ ఎక్కడుందో చూడండి. వైరు లోపలికొచ్చిన చోట, గుమ్మం పక్కనో టీవీ వెనకో మేకు కొట్టి వదిలేసి ఉంటారు. ఇనుప బీరువా, పెద్ద అద్దం సిగ్నల్‌ను వెనక్కి కొడతాయి. అక్వేరియంలో నీళ్లు దాన్ని పీల్చేస్తాయి. స్లాబ్‌లోని ఇనుప చువ్వలు పై అంతస్తుకు సరిగా పోనివ్వవు. రౌటర్‌ను ఇంటి నడుమకు తెచ్చి, ఐదారు అడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టండి. యాంటెన్నా కొసల వైపు సిగ్నల్ బలహీనం, పక్కలకే ఎక్కువ. అందుకే ఒకే అంతస్తు అయితే అన్నీ నిటారుగా ఉంచాలి, మేడ మీదకూ కావాలంటే ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టాలి. వైఫై అనలైజర్ యాప్‌తో ప్రతి గదిలో కొలవండి. మైనస్ 67 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా, అంటే మైనస్ 60, 50 అలా ఉంటే వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. మైనస్ 75 దాటితే ఇబ్బంది మొదలు.

అపార్ట్‌మెంట్లలో ఛానెల్ గొడవ కూడా ఉంటుంది. ఛానెల్ అంటే బ్యాండ్‌లో రౌటర్ వాడుకునే ఒక దారి. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్క ఫ్లాట్ల వాళ్లు తక్కువగా వాడుతున్న దాన్ని యాప్‌లో చూసి ఎంచుకోండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 పెడితే పొరుగు సిగ్నళ్లన్నీ మీద పడతాయి. 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు అప్పుడప్పుడు ఓ నిమిషం మాయమైపోతుంటే రౌటర్ రాడార్‌కు దారివ్వాల్సిన ఛానెల్ మీద ఉండొచ్చు. 36 లేదా 149కి మార్చండి. సెక్యూరిటీలో టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే స్పీడ్ 54 దాటదు, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఎంచుకోండి.

స్పీడ్ టెస్ట్ బాగుండి, వీడియో కాల్ మాత్రం తడబడుతుంటే అప్‌లోడ్ చూడండి. ఫొటోల బ్యాకప్, క్లౌడ్ సీసీ కెమెరాలు అప్‌లోడ్‌ను నింపేస్తే మిగతావన్నీ వరసలో నిలబడతాయి. బ్యాకప్ నడుస్తుండగా కంప్యూటర్‌లో 8.8.8.8కి పింగ్ ఇవ్వండి (కమాండ్ విండోలో ping 8.8.8.8 అని కొట్టాలి, జవాబు రావడానికి పట్టే సమయం చూపిస్తుంది). 20, 30 మిల్లీసెకన్లు ఉండాల్సింది 300 దాటితే కారణం అదే. బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చండి, లేదా ఏ పనికి ఎంత స్పీడ్ ఇవ్వాలో చెప్పే రౌటర్ క్యూఓఎస్ సెట్టింగ్‌లో అప్‌లోడ్ పరిమితిని అసలు స్పీడ్‌లో 85 శాతానికి పెట్టండి.

అయినా చివరి గదికి అందకపోతే

చవక ఎక్స్‌టెండర్ కొనేముందు ఆలోచించండి. ఒకే రేడియోతో వినడం, తిరిగి పంపడం రెండూ చేస్తుంది కనుక స్పీడ్ సగానికి పడుతుంది. ఆ గదిదాకా లాన్ కేబుల్ లాగి, పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా ఇచ్చేదిగా పెట్టడం మేలు. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే ఒక్క నొక్కుతో అయిపోతుంది. లేకపోతే దాని చిరునామా 192.168.1.2గా మార్చండి (మొదటిది 192.168.1.1 అయితే). ఫోన్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇది మరిచిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచి, కొన్ని ఫోన్లు కలిసినా నెట్ రాదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదాని లాగే ఉంచి, ఛానెల్ మాత్రం వేరేది ఇవ్వండి. కేబుల్‌ను పాత రౌటర్ వ్యాన్ (WAN) పోర్టులో కాకుండా లాన్ పోర్టులోనే పెట్టండి. ఆ గదిలో ఫోన్ ఇంకా పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే వైఫై ఒకసారి ఆపి వేయండి, దగ్గరిదాన్ని అందుకుంటుంది.