ఆషాఢం ముందు పాత ఇల్లు కొని అమ్మాలనుకునేవాళ్లకి

బెజవాడలోనూ గుంటూరులోనూ చాలామంది వేసే లెక్క ఒకటే. వేసవిలో ఓ చిన్న పాత ఇల్లు బేరమాడి కొనడం, పుట్టీ పెట్టి రంగులేసి బాత్రూమ్ టైల్స్ మార్పించడం, శ్రావణంలో గృహప్రవేశం చేసుకుందామనే కొత్త జంటకి అమ్మేయడం. మధ్యలో ఆషాఢం ఒకటుందని, వానలు వస్తాయని అప్పుడు గుర్తుండదు. ఆషాఢంలో అడ్వాన్స్ ఇచ్చేవాడు దొరకడం కష్టం, వడ్డీ మాత్రం ఆగదు. రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకి 20,000.

30 లక్షలు పెట్టి కొన్న ఇల్లు మీ పేరున రిజిస్టర్ కావాలంటే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2,25,000. బ్రోకర్‌కి కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఇవ్వాలి. 24 నెలల్లోపు అమ్మితే లాభాన్ని మీ మిగతా ఆదాయంతో కలిపి పన్ను కడతారు. ఇవన్నీ పోగా మిగిలేది మేస్త్రీ కూలంత కూడా లేకపోతే ఆ బేరం వదిలేయండి. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోడానికి జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారమిచ్చే కాగితం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద తిప్పేయమనే సలహాదారులు ప్రతి వీధిలోనూ ఉంటారు. జీపీఏతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. పైగా చిన్న ఇల్లు కొనేవాళ్లలో ఎక్కువమంది బ్యాంకు లోన్ మీదే కొంటారు, బ్యాంకు లాయరు ఆ కాగితం పక్కన పడేస్తాడు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా), మంజూరైన ప్లాన్ ఎలాగూ చూస్తారు. కొండవాలు, కాలువగట్టు ఇళ్లయితే అది ఏ రకం పట్టానో, అమ్ముకోనిస్తారో లేదో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

అసలు జాగ్రత్త ఇంటి దగ్గర. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగాయి. అక్కడ ఇప్పుడు గోడలన్నీ కొత్త రంగుతో మెరుస్తుంటాయి, వాటిని చూసి ఏమీ తెలియదు. చెక్క బీరువా ఉంటే ముందుకి జరిపించి వెనక గోడ చూడండి. నీళ్లు నిలిచిన ఎత్తున గోధుమరంగు గీత ఉంటుంది, దాని కింద ప్లాస్టరింగ్ వేలితో గీకితే ఉప్పులా రాలుతుంది. అలాంటి గోడ మీద పుట్టీ వేస్తే ఒక్క వర్షాకాలంలోనే పొక్కులొస్తాయి. చెడిన ప్లాస్టరింగ్ గీకించి, గోడ బాగా ఆరనిచ్చి, మళ్లీ వేయించాల్సిందే. ఆ ఖర్చూ ఆ నెలలూ మీ లెక్కలో ఉండాలి.

రోడ్డు ఎత్తు చూడటం చాలామందికి తట్టదు. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి, పాత ఇంటి గడప రోడ్డుకంటే కిందకి పోయిందంటే వాన నీళ్లు లోపలికే. ఇంటిని ఎత్తు పెంచడం ఈ లాభానికి అయ్యే పని కాదు. గుంటూరు వైపు నల్లరేగడి నేల ఎండకి బీటలు వారి వానకి ఉబ్బుతుంది కాబట్టి కిటికీ మూలల్నుంచి ఏటవాలుగా వెళ్లే పగుళ్లని ఇంజనీరుకి చూపించాలి. శ్లాబు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నా అంతే.

మునిగిన ఇల్లయితే కొనేవాళ్లకి ఆ మాట మీరే ముందు చెప్పండి. ఎదురింటివాళ్లు ఎలాగూ చెప్తారు.

వీలైతే అగ్రిమెంటు గడువు తొలి పెద్ద వాన దాకా పెట్టించుకోండి. వాన పడుతున్నప్పుడే వెళ్లి, డ్రైనేజీ ఎటు పోతోందో, శ్లాబు ఎక్కడ కారుతోందో చూసి, అప్పుడు మిగతా డబ్బు కట్టండి.