జవాబుకి ఆధారం చూపించడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ఏడెనిమిదేళ్ల పిల్లలు పాఠం చదివి జవాబు టకీమని చెప్పేస్తారు. "ఎలా తెలిసింది?" అని అడిగితే మాత్రం "నాకు తెలుసు" అంటారు, లేదా నోరు మెదపరు. దీనికి మందుగా చాలామంది ప్రశ్న కింద "ఆధారం రాయండి" అని ఒక గీత అదనంగా ఇస్తారు. పిల్లలు కంటికి ఆనిన వాక్యాన్ని అందులో దింపేస్తారు. ఆ నోటుబుక్కులు దిద్దీ దిద్దీ విసిగిపోయాను. గీత ఇచ్చినంత మాత్రాన నేర్పినట్టు కాదు.

కావాల్సినవి రెండే: ఐదు నుంచి పది వాక్యాల పేరా, పెన్సిలు. ప్రతి వాక్యం ముందు అంకె వేసి ఇవ్వండి. హైలైటర్ మాత్రం వద్దు. అది చేతికొస్తే పేజీ అంతా పసుపైపోతుంది, ఏరుకోవడమనే పనే ఉండదు.

పేరా మీరొకసారి చదవండి, వాళ్లొకసారి చదవాలి. ఎవరు, ఎక్కడ అనే తేలిక ప్రశ్నలు రెండు మూడు అడిగి, జవాబున్న వాక్యం మీద వేలు పెట్టి అంకె చెప్పమనండి. ఇది ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఇక్కడే వారాలు గడపొద్దు.

అసలు చిక్కంతా జవాబు నేరుగా రాసిలేని ప్రశ్న దగ్గర. నేను ఇలాంటి పేరా ఇస్తాను:

1. గీత కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తోంది.
2. వానలో ఆడుకోవడమంటే గీతకు ఎంతో ఇష్టం.
3. ఉన్నట్టుండి పెద్దగా ఉరిమింది.
4. గీత చెవులు మూసుకుని అక్క దగ్గరికి పరుగెత్తింది.
5. "వాన తగ్గిందా?" అని అడిగింది.

ప్రశ్న: గీత దేనికి భయపడింది? పేరాలో ఎక్కడా భయం అన్న మాటే లేదు. అందుకే ఈ ప్రశ్న.

కొందరు "వానకి" అని 5వ వాక్యం చూపిస్తారు. తప్పు అనకండి. "2వ వాక్యం ఒకసారి చదువమ్మా" అంటే చాలు, తాను పెన్సిలుతో గీసుకున్నది తానే చెరుపుకుంటుంది.

ఇంకొందరు "ఉరుముకి" అని 3వ వాక్యం కింద పెన్సిలుతో గీస్తారు. జవాబు సరైనదే కాబట్టి "వెరీ గుడ్" అనేసి ముందుకెళ్లిపోతారు చాలామంది. పని చెడేది ఇక్కడే. 3వ వాక్యం ఉరిమిందనే చెబుతోంది, ఎవరైనా భయపడ్డారని చెప్పడం లేదు. "ఉరిమింది సరే, గీత భయపడిందని ఎలా తెలిసింది?" అని అడగండి. "నాక్కూడా ఉరుమంటే భయం టీచర్" అంటాడు ఒకడు. వాణ్ని కొట్టిపారేయకండి. "నీ సంగతి చెప్పావు, మరి గీత ఏం చేసింది?" అనండి. అప్పుడు వేలు 4 మీదికి వెళ్తుంది.

వెళ్లకపోతే అరచేతితో మూసి చూడండి. వాడు ఎంచుకున్న వాక్యాన్ని మూసి, "ఇది లేకపోయినా నీ జవాబు నిలబడుతుందా?" అని అడగండి. 1ని మూస్తే జవాబుకి ఏమీ కాదు, కాబట్టి అది ఆధారం కాదు. 3ని మూస్తే దేనికి భయపడిందో తెలియదు. 4ని మూస్తే భయపడిందనే తెలియదు. ఈ ప్రశ్నకు రెండూ కావాలని పిల్లలే తేలుస్తారు.

వాక్యం దొరికాక కూడా ఆగకండి. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పడానికి మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఐదు మెట్లు పెట్టింది. పిల్లలకు మూడు చాలు. నిప్పు జవాబు, పొగ ఆధారం, పొగ ఉన్నచోట నిప్పుంటుందనేది ఆ రెండిటినీ కలిపే మాట. ఎక్కువమంది వదిలేసేది ఈ కలిపే మాటనే. ఇందాక "నాక్కూడా భయం" అన్నవాడి అనుభవం పనికొచ్చేది ఇక్కడే: "భయమేస్తే మనం చెవులు మూసుకుంటాం, తెలిసినవాళ్ల దగ్గరికి పరుగెడతాం." అనుభవం ఆధారం కాదు, ఆధారాన్ని జవాబుకి ముడివేసే దారం.

ఇంకో జాగ్రత్త. "ఎలా తెలిసింది?" అని జవాబు తప్పినప్పుడే అడిగితే, ఆ మాట వినగానే పిల్లలు జవాబు మార్చేస్తారు. సరైన జవాబుకీ అడగండి, అదే గొంతుతో.

వారం పాటు ఇదంతా నోటితోనే సాగాలి. రాత ఆ తర్వాతే. "పాఠంలో ____ అని ఉంది, దీన్నిబట్టి ____" అనే ఖాళీల చార్టు గోడకు తగిలించడం నాకు నచ్చదు. ఖాళీ కనిపిస్తే పిల్లలు నింపడం మీదే ఉంటారు, ఆలోచించరు. నోటితో చెప్పిందే రాయమంటే ఇలా వస్తుంది: "గీత ఉరుముకు భయపడింది. ఎందుకంటే పెద్దగా ఉరమగానే చెవులు మూసుకుని అక్క దగ్గరికి పరుగెత్తింది. భయమేస్తే ఎవరైనా అలాగే చేస్తారు." పేరా మొత్తం ఎత్తిరాసేవాళ్లకు పేరాలోంచి రెండు వాక్యాలే హద్దు.

చివరగా, జవాబే లేని ప్రశ్న ఒకటి కలపండి: గీత అక్క వయసెంత? 1 నుంచి 5 దాకా వేలితో వెతికి "పాఠంలో చెప్పలేదు" అన్న పిల్లకు పూర్తి మార్కులు వేయండి.