ఫుట్‌బాల్ క్లబ్బు రిజర్వు జట్టు (కుర్రాళ్ల రెండో జట్టు) ఎంపికకు చెన్నై వెళ్లే ముందు జాగ్రత్తలు

☐ జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డుల్లో పుట్టిన తేదీ ఒకటేనా? ఇప్పుడే చూడండి. వయసు తగ్గించి రాయించే తెలివి ఇక్కడ పనిచేయదు. అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు.

☐ ప్రకటన క్లబ్బు సొంత వెబ్‌సైటులో ఉందా? 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్‌లో ఆడేది ఎక్కువగా ఇలాంటి కుర్రాళ్ల జట్లే. ఆ పేరు చెప్పి డబ్బు అడిగే మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వకండి.

☐ కొత్త బూట్లు ఆ రోజే తొడగవద్దు. మడమ బొబ్బలెక్కితే ఆట ముగిసినట్లే. షిన్ గార్డులు (మోకాలి కింద కాలి ముందు భాగాన్ని కాపాడే తొడుగులు) తప్పనిసరి.

☐ నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. ముందు రోజే చేరండి.

☐ ఆ రాత్రి చేపల పులుసు వద్దు (అమ్మమ్మ ఒప్పుకోదు, తెలుసు). ఉదయం ఇడ్లీ, అరటిపండు చాలు.