మైక్రోఅర్రే ఫలితం తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి: బుడ్డల ఆకుతో పనిచేసేవాళ్లకు

అనంతపురం జిల్లాలో మొక్కల జన్యువుల మీద పనిచేసేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు బుడ్డల (వేరుశనగ) పైరు దగ్గరికి వస్తారు. బెట్టకు తట్టుకునే రకంలో ఏ జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయి, వాడిపోయే రకంలో ఏవి ఊరకున్నాయి అన్నది ఇక్కడి రైతుకు నేరుగా సంబంధించిన ప్రశ్న. వేల జన్యువులను ఒకేసారి కొలవడానికి మైక్రోఅర్రే ఒక దారి. గాజు పలక (స్లైడు) మీద చుక్కలుగా అతికించిన డీఎన్‌ఏ ముక్కలే ప్రోబులు. ఆకు ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసి రంగు వేసిన నకలు వాటితో జతకడుతుంది. ఏ చుక్క ఎంత వెలిగితే ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ అంత ఉన్నట్టు. 1995లో స్టాన్‌ఫర్డ్ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 45 జన్యువులతో ఈ పద్ధతిని చూపించింది.

స్లైడు మీద కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం స్లైడు దాకా రాకముందే జరిగినవని నా గట్టి నమ్మకం. అందుకే స్కానర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి, చేను దాకా వెతకాలి.

స్లైడంతా మసకగా ఉంది, సిగ్నల్ లేదు

ముందు ఆర్‌ఎన్‌ఏను అనుమానించండి. శుద్ధిని చూపే 260/280 నిష్పత్తి (ఆ నానోమీటర్ల కాంతిని శాంపిల్ ఎంత పీల్చుకుంటుందో దాని లెక్క) 2 దగ్గర ఉందని ఊరట పడొద్దు. 260/230 కూడా చూడండి. అది 1.8 కన్నా బాగా తక్కువగా ఉంటే పిండి పదార్థాలో, ఫినాల్ జాతి పదార్థాలో, ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడిన గ్వానిడిన్ ఉప్పో మిగిలి ఉండొచ్చు. ముదిరిన, బెట్టకొచ్చిన బుడ్డల ఆకులో మొదటి రెండూ ఎక్కువే. ఇవి రంగు వేసే ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. సీటాబ్ అనే డిటర్జెంటు వాడే పద్ధతిలో తీసి, లిథియం క్లోరైడ్‌తో ఆర్‌ఎన్‌ఏను దింపితే చాలావరకు శుభ్రపడుతుంది.

ఆర్‌ఎన్‌ఏ విరిగిందా లేదా చెప్పే రిన్ అంకె విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఆకులో క్లోరోప్లాస్టు ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంటుంది కాబట్టి గ్రాఫులో అదనపు శిఖరాలు వస్తాయి. వాటిని చూసి యంత్రం అంకెను తగ్గించి చూపొచ్చు. అంకె ఒక్కటే చూసి మంచి శాంపిల్‌ను పారేయకండి, గ్రాఫును కళ్లతో చూడండి. 25ఎస్, 18ఎస్ (రైబోసోము ఆర్‌ఎన్‌ఏ) శిఖరాలు నిటారుగా, వాటి మధ్య నేల చదునుగా ఉంటే ఆర్‌ఎన్‌ఏ బాగున్నట్టే.

ఆకుపచ్చ బాగుంది, ఎరుపు వెలిసిపోయింది

ఒకే స్లైడు మీద రెండు శాంపిళ్లను పోల్చేటప్పుడు ఒకదానికి సై3 అనే ఆకుపచ్చ రంగు, ఇంకోదానికి సై5 అనే ఎరుపు రంగు వేస్తాం. ఇది సై5 రంగు సమస్య. గాలిలోని ఓజోన్ ఈ రంగును తినేస్తుంది. వంద కోట్ల భాగాలకు 5 నుంచి 10 భాగాల ఓజోన్ ఉన్నా, స్లైడును కడిగి ఆరబెట్టే ఆ కొన్ని క్షణాల్లోనే నష్టం జరుగుతుంది. సై3కి ఆ బాధ చాలా తక్కువ. నేల దగ్గరి ఓజోన్ ఎండతో పుడుతుంది, మధ్యాహ్నానికి పెరుగుతుంది. మన వేసవిలో మధ్యాహ్నం మూడింటికి కిటికీలు తెరిచి స్లైడు కడగడం సై5ను చేజేతులా పోగొట్టుకోవడమే. కడిగే పని తెల్లవారుజామున పెట్టుకోండి. జెరాక్సు యంత్రం, లేజర్ ప్రింటర్, యూవీ దీపం ఉన్న గదిలో వద్దు. కార్బన్ ఫిల్టర్ ఉన్న పెట్టె దొరికితే అందులోనే ఆరబెట్టి, వెంటనే స్కాన్ చేయండి.

రంగులు మార్చి ఇంకో స్లైడు కూడా చేయాలి. మొదటిదాంట్లో బెట్ట శాంపిల్‌కు ఎరుపు వేస్తే రెండోదాంట్లో ఆకుపచ్చ. రంగు ఏదైనా, రెండింటిలోనూ ఒకే శాంపిల్ వైపు మొగ్గిన జన్యువునే నమ్మాలి.

మరకలు, గీతలు, అంచుల్లో మెరుపు

గుండ్రటి నల్ల మచ్చ గాలి బుడగ. అంచు మెరుస్తుంటే ద్రావణం ఎండిపోయింది. తెల్లటి పొర ఉంటే డిటర్జెంటు అయిన ఎస్‌డీఎస్ పూర్తిగా కడగలేదు, లేదా చల్లదనానికి గడ్డకట్టింది. కడిగే ద్రావణాన్ని వడకట్టి, చెప్పిన ఉష్ణోగ్రతలోనే వాడండి. పాడైన చుక్కలను లెక్కలోంచి తీసేయండి. చుక్క విలువ 65,535 దగ్గర ఆగిపోతే స్కానర్ నిండిపోయినట్టు. సున్నితత్వం తగ్గించి మళ్లీ స్కాన్ చేస్తే చాలు.

ఒకే రకం మొక్కలు, ఒకే మోతాదు నీళ్లు, అయినా స్లైడ్లు కలవట్లేదు

అన్నిటికన్నా నష్టం చేసేది ఇదే, ఎందుకంటే చిత్రం అందంగానే ఉంటుంది. కారణం చాలాసార్లు కోసిన సమయంలో దొరుకుతుంది. మొక్కలోని ఎన్నో జన్యువులు పగలూ రాత్రీ లయలో పెరిగి తగ్గుతాయి. ఉదయం ఆరింటికి నీళ్లు పెట్టిన మొక్క ఆకు కోసి, బెట్ట మడిలోకి వెళ్లేసరికి పదకొండయితే, మీరు కొలిచింది బెట్టను కాదు, ఆ ఐదు గంటల ఎండను. వేడికి స్పందించే జన్యువులన్నీ పట్టికలో పైకి వస్తాయి, అవే బెట్టను తట్టుకునే జన్యువులని రాసేస్తారు. ఆకు తుంచి కవర్లో వేసుకుని నడుస్తుంటే గాయానికి స్పందించేవి కూడా నిమిషాల్లోనే లేస్తాయి.

ద్రవ నైట్రోజన్ మడి గట్టు దాకా రావాలి. కోసిన ఆకు అక్కడే అందులో మునగాలి. రెండు మడుల్లో మార్చి మార్చి, ఒకదాని తర్వాత ఒకటి కోయండి. ఆకు స్థానం కూడా ఒకటే ఉండాలి, కాండం కొస నుంచి మూడోదయితే అన్ని మొక్కల్లోనూ మూడోదే. శాంపిల్ బెంగళూరుకో హైదరాబాదుకో పంపేటప్పుడు డ్రై ఐస్ దారి పొడవునా సరిపోవాలి. ల్యాబులో కరెంటు పోయినప్పుడు మైనస్ 80 ఫ్రీజర్ ఎంత వేడెక్కిందో రాసిపెట్టుకోండి.

ఒకే మొక్క ఆర్‌ఎన్‌ఏను మూడు స్లైడ్ల మీద వేసి మూడు పునరావృతాలనుకోవద్దు. మూడు వేర్వేరు మొక్కలు కావాలి. బెట్ట శాంపిళ్లన్నీ ఒక రోజు, మిగిలినవి ఇంకో రోజు చేస్తే రోజుకీ బెట్టకీ తేడా ఏ లెక్కా విడదీయలేదు.

జన్యువు పెరిగిందంటుంది కానీ ఏ నకలో తెలియదు

బుడ్డ రెండు అడవి జాతుల కలయిక, క్రోమోజోములు 40. కాబట్టి చాలా జన్యువులకు దాదాపు ఒకేలా ఉండే రెండు నకళ్లు ఉంటాయి. ప్రోబు రెండింటికీ అతుక్కుంటుంది. రెండు నకళ్లూ తేడాపడే చోట ప్రోబు ఉందో లేదో జన్యుక్రమంలో సరిచూడండి. లేకపోతే ఆ విలువను రెండింటి మొత్తంగానే రాయండి.

ముఖ్యమైన జన్యువులు వందల్లో వచ్చాయి

20,000 జన్యువులను 0.05 హద్దుతో (పీ విలువ) పరీక్షిస్తే, అసలు తేడాయే లేకపోయినా సుమారు 1,000 అలా తేలుతాయి. బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో ఇచ్చిన, తప్పుగా తేలేవాటి వాటాను అదుపులో ఉంచే సవరణ వాడి, ఆ తర్వాతే జాబితా తీయండి. మిగిలినవాటిలో కొన్నిటిని, ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏను విడిగా కొలిచే క్యూపీసీఆర్‌తో సరిచూడాలి. అది కూడా స్లైడుకు వాడిన ఆర్‌ఎన్‌ఏతో కాక, వీలైతే కొత్త మొక్కల నుంచి తీసిన దానితో. పోలికకు యాక్టిన్ జన్యువు ఒక్కటే పెట్టుకోకండి, బెట్టలో అది కూడా మారొచ్చు. మీ మొక్కల్లో నిలకడగా ఉన్నాయని ముందే చూసుకున్న రెండు జన్యువులైనా ఉండాలి.