పాత కారు క్యాసెట్ సెట్: ఏ వైరు దేనిదో, ఏ బటన్ ఏం చేస్తుందో తేల్చుకోవడం ఎలా

నాన్న మారుతి 800 అమ్మేసేటప్పుడు విప్పి దాచిన క్యాసెట్ సెట్ ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. మాన్యువల్ లేదు, పైనున్న స్టిక్కర్ మీద అక్షరాలు చెరిగిపోయాయి, వెనక వైర్లు మాత్రం గుత్తిలా వేలాడుతున్నాయి. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే దయచేసి పాత సామాన్ల వాడికి వేసేయకండి. ఒక మల్టీమీటరు, 12 వోల్టుల బ్యాటరీ, కారు ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు, ఈ మూడూ ఉంటే చాలు.

ముందు వైర్లు. మామూలుగా పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు అందుతూ ఉండాలి, గడియారం, స్టేషన్ల మెమరీ దానిమీదే నిలుస్తాయి. ఎరుపుకి తాళం తిప్పితేనే కరెంటు వస్తుంది, నలుపు ఎర్త్, నీలం ఏరియల్‌ది. తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జంటలు స్పీకర్లవి, వాటిలో నల్ల గీత ఉన్నది నెగటివ్. ఇది చాలా సెట్లలో కనిపించే పద్ధతే కానీ అన్నిట్లో కాదు, పైగా మధ్యలో ఎవరో అతుకులు వేసి టేపు చుట్టి ఉంటే రంగుని అసలు నమ్మలేం. అందుకని మీటరు బీప్‌లో (రెండు మొనల మధ్య దారి కలిసుంటే మోగే సెట్టింగులో) పెట్టి, ఒక మొన సెట్ ఇనప డబ్బాకి ఆనించి, రెండోదాన్ని ఒక్కో వైరుకీ తాకించండి. బీప్ వచ్చింది ఎర్త్. స్పీకర్ వైర్లలో కూడా కొన్ని బీప్ ఇస్తే, స్పీకర్ నెగటివ్‌ని డబ్బాకే కలిపేసిన బాగా పాత రకం అన్నమాట. మధ్యలో ఫ్యూజు ఉన్న వైరు పవర్‌ది.

ఇప్పుడు పసుపు, ఎరుపు కలిపి మెలేసి, వాటికీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య ఆ బల్బు పెట్టండి, నలుపుని మైనస్‌కి. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, సెట్‌కి ఏమీ కాదు, వెంటనే తీసేయండి. మసగ్గా వెలిగినా, అసలు వెలగకపోయినా షార్ట్ లేనట్టే. ఇక బల్బు తీసేసి ఫ్యూజు ద్వారా నేరుగా కలిపేయొచ్చు.

స్పీకర్లు కలిపే ముందు ఒక్క నిమిషం ఆగండి. సెట్ ఆన్‌లో ఉండగా ఒక్కో స్పీకర్ వైరుకీ ఎర్త్‌కీ మధ్య డీసీ వోల్టేజీ చూడండి. రెండు వైర్ల మీదా 6 వోల్టుల దగ్గర చూపిస్తే ఆ జంటలో దేన్నీ బాడీకి తగిలించకూడదు. పాత కార్లలో రెండు స్పీకర్లకీ ఒక కొసని కలిపి బాడీకే బిగించేవాళ్లు, అలాంటి వైరింగుకి ఈ సెట్ తగిలిస్తే లోపలి యాంప్లిఫైయర్ ఐసీ పోతుంది. నేను ఒక మంచి సెట్‌ని ఇలాగే పోగొట్టుకున్నాను, ఆ కాలిన వాసన ఇప్పటికీ గుర్తుంది.

క్యాసెట్ లోపలికి వెళ్లినా తిరగకపోతే మూత విప్పండి. మోటారు గుర్రుమంటూ చక్రాలు కదలకపోతే తప్పు బెల్టుదే. పాత రబ్బరు కరిగి తారులా చక్రం గాడిలో అంటుకుపోయి ఉంటుంది, వేలికి అంటితే ఒక పట్టాన వదలదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఓపిగ్గా తుడిచి కొత్త బెల్టు వేయండి, టేపు మీది పాటని చదివే హెడ్‌నీ, టేపుని నొక్కిపట్టే రబ్బరు చక్రాన్నీ కూడా తుడవండి. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, పాట సాగదీసినట్టు వస్తోందని మోటారు స్క్రూ తిప్పేయకండి, ముందు బెల్టు చూడండి. మొదట పోయినా బాధలేని క్యాసెట్‌తోనే పరీక్షించండి. నాన్న చేతిరాత ఉన్నవి నేను రెండు రోజుల దాకా ముట్టుకోలేదు.

బటన్ల సంగతి: బాణం గుర్తులు రెండూ ఒకేసారి నొక్కితే చాలా ఆటో రివర్స్ సెట్లలో (క్యాసెట్ తీసి తిప్పకుండానే రెండో వైపు వాయించేవాటిలో) సైడు మారుతుంది. ఒక్కటే నొక్కితే టేపు పరుగెడుతుంది, రెండోది మెల్లగా తాకితే ఆగుతుంది. ఎమ్‌టీఎల్ అన్నది క్రోమ్, మెటల్ టేపులకి, మామూలు టేపుకి అది నొక్కితే పాట మొద్దుగా వినిపిస్తుంది.

రేడియో దగ్గర ఇంకో చిక్కు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సెట్ అయితే మీడియం వేవ్ 10 కిలోహెర్ట్జ్ చొప్పున జరుగుతుంది, మనకి 9 చొప్పున కావాలి. హైదరాబాద్ కేంద్రం 738 మీద ఉంటే అది 730 నుంచి 740కి దూకేస్తుంది. ఎఫ్‌ఎమ్‌లో వివిధ భారతి 102.8 కోసం వెతికితే 102.7, 102.9 మాత్రమే తగులుతాయి. కొన్ని సెట్లకి అడుగునో పక్కనో దేశం మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో జరిపి మళ్లీ స్టేషన్లు వెతికించండి.